ఈ1 అంటే ఏమిటన్న ప్రశ్నతోనే వస్తోంది చిక్కు

ఇండక్షన్ స్టవ్వు ఆన్ చేశారు. గిన్నె పెట్టారు. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత మూడు బీపులు, అంకెల చోట ఈ1. ఇక అందరూ చేసే పని ఫోన్ తీసి ఈ1 అంటే ఏమిటని వెతకడమే. ఒకచోట సెన్సార్ పోయిందని ఉంటుంది, ఇంకోచోట లో వోల్టేజీ అని, మరోచోట గిన్నె పనికిరాదని. మూడూ నిజమే కావచ్చు. కాకపోతే అవి మూడు వేర్వేరు స్టవ్వుల సంగతులు. మీ స్టవ్వు ఆ మూడింటిలో ఉందో లేదో ఆ రాసినవాళ్లకు తెలియదు.

ఈ కోడ్లకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. ఈ0 అంటే ‘పైన గిన్నె లేదు’ అని చాలామంది తయారీదారులు వాడతారు, అందరూ కాదు. ఈ1 దగ్గరికి వచ్చేసరికే దారులు చీలిపోతాయి. ఒకే పేరు మీద అమ్మే రెండు మోడళ్లలో కూడా, లోపలి బోర్డు మారితే అదే అంకెకు అర్థం మారిపోవచ్చు. గట్టులో బిగించే పెద్ద హాబ్‌లది మరో లోకం. వాటిలో చాలావాటికి ఈఆర్03 అంటే టచ్ మీటల మీద నీళ్లో గరిటో ఉందని, ఈఆర్21 అంటే లోపల వేడెక్కిందని. కాబట్టి పట్టిక కావాలంటే ఒక్కటే చోటు: మీ మోడల్‌తో వచ్చిన పుస్తకం, లేదా స్టవ్వు బోర్లించి చూస్తే అడుగున అంటించిన కాగితం. మిగతావన్నీ ఊహలే.

అయితే అసలు తగవు పట్టికతో కాదు. సరైన పట్టిక చేతిలో ఉన్నా జనం తప్పు పార్టు మారుస్తున్నారు. ఎందుకంటే ఆ పట్టికలో ‘ఈ3: సెన్సార్ లోపం’ అని రాసి ఉంటే దాన్ని ‘సెన్సార్ మార్చు’ అని చదువుకుంటున్నారు. అక్కడ రాయాల్సిన అసలు మాట వేరు: ‘సెన్సార్ వైపు నుంచి వచ్చిన అంకె నాకు నమ్మశక్యంగా లేదు.’ ప్రాసెసర్‌కు సెన్సార్ కనపడదు, ఫ్యాన్ కనపడదు, మీ ఇంటి వైరింగ్ కనపడదు. దానికి తెలిసేది తన పిన్ను మీద 0 నుంచి 5 వోల్టుల మధ్య ఎంత ఉందన్నదొక్కటే. ఆ పిన్నుకూ అసలు వస్తువుకూ మధ్య ఒక వైరు, ఒక కనెక్టర్, ఒకటో రెండో రెసిస్టర్లు, ఒక చిన్న కెపాసిటర్, 5 వోల్టుల సరఫరా ఉంటాయి. వీటిలో ఏది తేడా చేసినా అదే కోడు వెలుగుతుంది. కోడంటే ఫిర్యాదు ఎవరిదో తెలిపే చీటీ. తప్పెవరిదో మనమే తేల్చుకోవాలి.

లోపలి సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుంటే మిగతాదంతా తేలిక. 230 వోల్టుల కరెంటు ఫ్యూజు దాటి బ్రిడ్జ్ రెక్టిఫైయర్‌కు వెళ్లి డీసీ అవుతుంది, దాని శిఖరం 325 వోల్టుల దాకా ఉంటుంది. అక్కడి నుంచి రాగి కాయిల్. కాయిల్‌కు జతగా 0.27 నుంచి 0.33 మైక్రోఫారాడ్‌ల రెజొనెన్స్ కెపాసిటర్. ఆ జంటను ఐజీబీటీ అనే స్విచ్చు సెకనుకు సుమారు 20 వేల నుంచి 35 వేల సార్లు కొట్టి వదులుతుంది. వదిలిన ప్రతిసారీ దాని కలెక్టర్ (కరెంటు లోపలికి వచ్చే కాలు) మీద వోల్టేజీ వెయ్యి దాకా ఎగిసిపడుతుంది, అందుకే ఒకే ఐజీబీటీ ఉండే టేబుల్ స్టవ్వుల్లో 1200 వోల్టుల రకం వాడతారు. దీని పక్కనే చిన్న పవర్ సప్లై 18 వోల్టులూ 5 వోల్టులూ ఇస్తుంది: 18 ఫ్యాన్‌కూ ఐజీబీటీని నడిపే కాలైన గేటును తట్టడానికీ, 5 ప్రాసెసర్‌కు. ఈ మొత్తాన్నీ ప్రాసెసర్ ఐదు కళ్లతో చూస్తుంటుంది. గాజు కింది సెన్సార్ ఒకటి, ఐజీబీటీ దగ్గరి సెన్సార్ ఒకటి, మెయిన్స్ వోల్టేజీ ఒకటి, లాగుతున్న కరెంటు ఒకటి, కాయిల్ మోగుతున్న తీరు ఇంకొకటి. మీకు కనపడే కోడ్లలో చాలా భాగం ఈ ఐదింటిలో ఏదో ఒకదాని గోలే.

ఎప్పుడు వెలిగింది?

నన్నడిగితే, కోడు అంకె కంటే అది వెలిగిన సమయం ఎక్కువ కబుర్లు చెబుతుంది. రిపేరుకు తెచ్చిన మనిషిని ‘ఏ కోడు వచ్చింది’ అని అడిగేవాళ్లే గానీ ‘ఆన్ చేసిన ఎంతసేపటికి వచ్చింది’ అని అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్నతో సగం పని అయిపోతుంది.

ప్లగ్గు పెట్టగానే, మీట నొక్కకముందే కోడు వస్తే, వేడెక్కడం అనే మాటే ఉండదు. స్టవ్వు చల్లగా ఉంది, కాయిల్‌లో కరెంటే లేదు. అయినా ‘ఓవర్ హీట్’ అంటోందంటే అది కొలతలో వచ్చిన అబద్ధం: సెన్సార్ షార్ట్ అయి ఉండాలి, లేదా దాని పిన్ను దగ్గరి కెపాసిటర్ లీక్ అవుతుండాలి, లేదా 5 వోల్టుల సరఫరా 4.3కో 5.6కో జారి ఉండాలి. వోల్టేజీ కొలిచే రెసిస్టర్లు, నొక్కుకుపోయిన మీట కూడా ఈ వరసలోవే.

మీట నొక్కిన ఒకటి రెండు క్షణాల్లో వస్తే అది గిన్నె వెతికే ఘట్టం. మొదటి నిమిషంలో ఏమీ లేక రెండో మూడో నిమిషంలో వస్తే మాత్రం ఒక చిత్రమైన సంగతి ఉంది. కొన్ని బోర్డులు కాయిల్‌కు కాసేపు పవర్ ఇచ్చి, గాజు కింది సెన్సార్ అంకె కదిలిందా లేదా అని చూస్తాయి. ఇంత వేడి పంపినా అంకె కదల్లేదంటే సెన్సార్ గాజును తాకడం లేదని లెక్క. మీటర్‌తో కొలిస్తే ఆ సెన్సార్ నిక్షేపంగా ఉంటుంది. దాంతో ‘సెన్సార్ బాగుంది కాబట్టి బోర్డు పోయింది’ అనే తీర్పు వచ్చేస్తుంది. నిజానికి పోయింది సెన్సార్ నెత్తిన ఉండే తెల్లటి పేస్టు. అది ఎండి పొడి అయిపోయింది, లేదా కింది స్పాంజి అణిగిపోయి సెన్సార్ గాజుకు 2 మిల్లీమీటర్లు కిందకు దిగింది. ఇంత చిన్నదానికి బోర్డు మారుస్తారు.

అయిదు నుంచి పది నిమిషాల తర్వాత వచ్చి, కాసేపు ఆపితే పోయి, మళ్లీ అంతే సమయానికి వస్తుంటే అది గాలి సంగతి: ఫ్యాన్, దుమ్ము, హీట్ సింక్ (ఐజీబీటీ వేడిని లాగే అల్యూమినియం దిమ్మ) పేస్టు. ఏ టైములో అయినా సరే, 2000 వాట్ల మీద పెడితేనే వచ్చి 800 మీద రాకపోతే ముందు సాకెట్‌ను అనుమానించండి. రోజులో ఒకే వేళకు వస్తుంటే ఆ వేళకు లైను వోల్టేజీ ఎంత ఉందో చూడండి. వానాకాలం ముసురులో వచ్చి ఎండ కాయగానే పోతే బోర్డు మీద తేమ, మురికి.

చెయ్యి పెట్టే ముందు

వారంటీ ఉంటే మూత తీయకండి, అంతే. లేకపోతే ఈ ఒక్క పేరా నెమ్మదిగా చదవండి. మామూలు ఎలక్ట్రానిక్ వస్తువుల్లో లోపలి తక్కువ వోల్టేజీ భాగానికీ మెయిన్స్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు ఉంటుంది. చిన్న ఇండక్షన్ స్టవ్వుల్లో సాధారణంగా ఆ అడ్డు ఉండదు. 5 వోల్టుల గ్రౌండ్ కూడా బ్రిడ్జ్ మైనస్‌కే తగిలి ఉంటుంది, అంటే భూమితో చూస్తే మెయిన్స్ వోల్టేజీ మీదే ఉంటుంది. ఐదు వోల్టులే కదా అని సెన్సార్ వైరు ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఐజీబీటీ వీపు కలెక్టరే కాబట్టి మధ్యలో ఇన్సులేషన్ పొర లేని చోట ఆ పెద్ద అల్యూమినియం హీట్ సింక్ కూడా లైవే. ప్లగ్గు పీకాక 5 నిమిషాలు ఆగండి. ఆగాక కూడా నమ్మకుండా బ్రిడ్జ్ ప్లస్, మైనస్‌ల మధ్య డీసీ రేంజిలో కొలవండి. ఇంకా వోల్టులు కనిపిస్తే ఫిలమెంట్ బల్బు రెండు వైర్లూ అక్కడ తాకించి ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమని షార్ట్ చేయడం వీరత్వం కాదు, బోర్డు మీది రాగి ట్రాకు ఎగిరిపోతుంది. ఈ వ్యాసంలో కరెంటు ఉండగా తీయాల్సిన కొలతలు కొన్ని ఉన్నాయి. వాటికి అలవాటు లేనివాళ్లు ఆ భాగాన్ని మెకానిక్‌కు వదిలేయడం మేలు. గాజు చిట్లి ఉంటే మాత్రం ఏ కోడు వెలిగినా వెలగకపోయినా ప్లగ్గు పీకేయాల్సిందే, పొంగిన నీళ్లు ఆ చీలికలోంచి నేరుగా కాయిల్ మీదకు దిగుతాయి.

సెన్సార్ అనే పూస

గాజు మధ్యలో, కాయిల్ నడిబొడ్డున ఉండే సెన్సార్ నిజానికి మిరియపు గింజంత గాజు పూస. పేరు థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎక్కువ బోర్డుల్లో ఇది 25 డిగ్రీల దగ్గర 100 కిలోఓమ్‌లు ఉండే రకం. రెండు పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి పీకి, మీటర్ 200 కిలోఓమ్‌ల రేంజిలో పెట్టి కొలవండి. 35 డిగ్రీల గదిలో సుమారు 65 చూపిస్తుంది, 15 డిగ్రీల చలిలో 160 దరిదాపుల్లో. అంకె సరిగ్గా వంద లేదని పారేయకండి. పూసను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే అంకె మెల్లగా, ఆగకుండా దిగాలి. గంతులేస్తూ దిగినా, మధ్యలో ఓపెన్ అయి మళ్లీ వచ్చినా వైరు లోపల తెగినట్టు. పూస మెడ దగ్గర, వైరు వంపు తిరిగే చోట వేలితో కదుపుతూ చూడండి, తెగేది ఎక్కువగా అక్కడే. మరుగుతున్న నీటి ఆవిరి దగ్గర పెడితే 7 కిలోఓమ్‌ల దాకా పడిపోవాలి.

ఇది బాగుంటే సెన్సార్‌ను వదిలేసి బోర్డు వైపు చూడాలి. కనెక్టర్ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన టంకం) ఉందా, ప్రాసెసర్ పిన్ను దగ్గరి చిన్న సిరామిక్ కెపాసిటర్ లీక్ అవుతోందా, జత రెసిస్టర్ విలువ సరిగా ఉందా. ఇంట్లో బొద్దింకలు ఉంటే ముందు బోర్డు కడగండి. ప్లగ్గులోనే ఉంచేసిన స్టవ్వు లోపల పవర్ సప్లై గోరువెచ్చగా ఉంటుంది, బొద్దింకలకు అంతకన్నా మంచి కాపురం దొరకదు. వాటి మలినం తేమ పీల్చుకుని కిలోఓమ్‌ల స్థాయి దారుల మధ్య అడ్డదారి వేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, బాగా ఆరనివ్వడం. ఏ పార్టూ కొనకుండా పోయే కోడ్లలో సగం ఇలా పోయేవే అంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

సెన్సార్ మార్చాల్సి వస్తే విలువ చూసి కొనండి. 100 ఉండాల్సిన చోట 10 కిలోఓమ్‌లది వేస్తే ఏమవుతుంది? వంద రకం థర్మిస్టర్ పది కిలోఓమ్‌లకు దిగేది దాదాపు 88 డిగ్రీల దగ్గర. అంటే చల్లటి గాజును చూసి ప్రాసెసర్ 88 డిగ్రీలనుకుంటుంది, వంట సగంలో వేడెక్కిందని ఆపేస్తుంది. ఇది విసుగు మాత్రమే. తిరగేసి 10 ఉండాల్సిన చోట 100 వేస్తే అది ప్రమాదం, గాజు కాలిపోతున్నా ప్రాసెసర్‌కు చల్లగానే కనిపిస్తుంది. ఇంతకన్నా పెద్ద నేరం ఒకటి చలామణీలో ఉంది: సెన్సార్ తీసేసి ఆ రెండు పిన్నుల మధ్య ఒక మామూలు రెసిస్టర్ అతికించడం. కోడు వెంటనే మాయమవుతుంది, నిజమే. ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయినా, మూకుడులో నూనె అంటుకునేదాకా వచ్చినా ఆపే కన్ను ఇక లేదు. అలా చేసిన స్టవ్వు బాగైన స్టవ్వు కాదు.

గిన్నె లేదంటున్న గిన్నె

గిన్నె ఉందో లేదో స్టవ్వు ఎలా కనిపెడుతుందో తెలిస్తే ఈ0తో గొడవ తగ్గుతుంది. ఐజీబీటీ కాయిల్‌ను ఒక్కసారి తట్టి వదిలేస్తుంది, గంటను కొట్టినట్టు. పైన ఏమీ లేకపోతే ఆ మోత చాలాసేపు సాగుతుంది. ఇనుప లక్షణం ఉన్న అడుగు పైన ఉంటే అది శక్తిని తాగేసి మోతను టక్కున ఆపేస్తుంది. ఎన్ని అలలు మోగాయో కంపారేటర్ (వోల్టేజీలను పోల్చి చూసే చిప్పు) లెక్కపెట్టి ప్రాసెసర్‌కు ఇస్తుంది. ఎక్కువ బోర్డుల్లో ఆ కంపారేటర్ ఎల్‌ఎం339. తక్కువ అలలైతే గిన్నె ఉంది, ఎక్కువైతే లేదు.

కాబట్టి మొదటి పరీక్ష అయస్కాంతమే. అడుగున గట్టిగా పట్టుకోవాలి, జారుతూ వేలాడితే చాలదు. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే చాలదు, 304 రకాన్ని అయస్కాంతం దాదాపు పట్టదు, 430 రకాన్ని పడుతుంది. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే చాలా స్టవ్వులు లెక్కలోకి తీసుకోవు. అల్యూమినియం గిన్నెకు చిల్లుల స్టీలు పలక అదిమి అమ్మేవి ఉంటాయి, అవి గీత మీద నిలబడతాయి: ఒక రోజు పట్టి ఒక రోజు పట్టవు. అడుగు ఉబ్బిన గిన్నెలూ అంతే.

మంచి గిన్నె పెట్టినా గిన్నె లేదంటే అప్పుడు బోర్డు. ఇక్కడ ఒక చిన్న సూత్రం చాలా సమయం మిగులుస్తుంది. కాయిల్ రెండు కొసల నుంచీ కంపారేటర్‌కు 240, 330, 820 కిలోఓమ్‌ల లాంటి పెద్ద విలువల రెసిస్టర్లు వెళ్తుంటాయి. వందల వోల్టులు మోసీ మోసీ అవి విలువ పెరిగిపోతాయి, లేదా పూర్తిగా ఓపెన్ అవుతాయి. పైకి నల్లబడవు, పగలవు, కొత్తవాటిలాగే నిగనిగలాడతాయి. వీటిని బోర్డు మీంచి తీయకుండానే కొలవొచ్చు. బోర్డు మీద ఉన్న రెసిస్టర్‌కు పక్కదారులు తోడై విలువ తగ్గి కనిపించవచ్చు గానీ పెరిగి కనిపించే వీల్లేదు. కెపాసిటర్లు ఖాళీ చేశాక, నారింజ, నారింజ, పసుపు పట్టీలున్నది 330 చూపించాల్సింది 500 చూపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, అది పోయింది. తగ్గి కనిపిస్తేనే ఒక కాలు ఎత్తి మళ్లీ కొలవాలి. అదే ఊపులో రెజొనెన్స్ కెపాసిటర్‌ను కూడా కొలిచేయండి. మీద 0.3 అని ఉండి 0.25 చూపిస్తే, పొట్ట ఉబ్బకపోయినా మార్చాల్సిందే. విలువ తగ్గినకొద్దీ ఐజీబీటీ మీద పడే వోల్టేజీ పెరుగుతుంది, ఇవాళ్టి గిన్నె కోడు రేపటి ఫ్యూజు అవుతుంది.

కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చాలా బోర్డుల్లో స్క్రూడ్రైవర్‌తో తిప్పే ప్రీసెట్ అనే చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాన్ని తిప్పితే పవర్ పెరుగుతుందన్నది నిజం. స్టవ్వు చెప్పే 2000 వాట్లకూ ఐజీబీటీ మోసే 2000 వాట్లకూ మధ్య ఒప్పందం అదొక్కటే. దాన్ని కదపకండి.

వోల్టేజీ కోడు, సాకెట్ నిజం

లో వోల్టేజీ కోడు రాగానే సాకెట్‌లో మీటర్ పెట్టి 228 చూసి ‘వోల్టేజీ బాగానే ఉంది, స్టవ్వే పాడైంది’ అంటారు. ఖాళీ సాకెట్‌లో కొలిచిన వోల్టేజీకి ఇక్కడ విలువ లేదు. స్టవ్వు 2000 వాట్లు లాగుతున్నప్పుడు 8.7 యాంపియర్లు పారుతుంది. సాకెట్‌లోనో ప్లగ్గు పిన్నుల్లోనో ఒక్క ఓమ్ వదులు ఉందనుకోండి. 8.7 వోల్టులు అక్కడే రాలిపోతాయి. రాలింది ఊరికే పోదు, దాదాపు 75 వాట్ల వేడి అవుతుంది. మూడు సోల్డరింగ్ ఐరన్లు ఆ సాకెట్ లోపల పెట్టి వదిలేసినట్టు. ప్లగ్గు పిన్ను గోధుమ రంగుకు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ఉంటే కోడు పుస్తకం మూసేసి సాకెట్ మార్చండి. లోడు మీద కొలవాలంటే అదే స్విచ్ బోర్డులోని పక్క సాకెట్‌లో మీటర్ ఉంచి, స్టవ్వు ఆపినప్పుడు ఎంత, పూర్తి పవర్‌లో ఎంత చూడండి. 5, 6 వోల్టుల తేడా మామూలు. 20, 30 పడుతుంటే వైరు సన్నమో, ఎక్కడో జాయింటు వదులో. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఇండక్షన్ పెట్టినవాళ్లకు ఈ పేరా మొత్తం రెండుసార్లు వర్తిస్తుంది.

లోడు మీద కూడా వోల్టేజీ నిలబడి ఉండి కోడు మాత్రం వదలకపోతే, మళ్లీ ఆ పెద్ద రెసిస్టర్ల కథే. మెయిన్స్‌ను పంచి ప్రాసెసర్‌కు చూపించే దారిలో పై రెసిస్టర్ విలువ పెరిగితే 230 కాస్తా 150లా కనిపిస్తుంది. దాని కింది రెసిస్టర్ ఓపెన్ అయితే హై వోల్టేజీ కోడు వస్తుంది. స్టెబిలైజర్ కొనాలన్న ఆలోచన ఈ రెండు రెసిస్టర్లు కొలిచాకే.

ఫ్యాన్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. స్టవ్వు ఆన్ చేసి, గాలి బయటికొచ్చే సందు దగ్గర పలచటి కాగితం ముక్క పట్టండి. ఎగరాలి. ఎగరకపోతే ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 18 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి, కొన్నిట్లో 12. వస్తుంటే ఫ్యాన్, రాకపోతే దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టర్. బుష్షులో చుక్క నూనె వేస్తే కొన్నాళ్లు తిరుగుతుంది, కానీ అది వాయిదానే. ఫ్యాన్ తిరుగుతూనే కోడు వస్తుంటే హీట్ సింక్ రెక్కల మధ్య జిడ్డు పట్టిన దుమ్ము, ఐజీబీటీ వెనక ఎండిన పేస్టు, వదులైన స్క్రూ. వంట అవగానే ప్లగ్గు పీకే అలవాటు కూడా మానాలి. ఆపాక ఫ్యాన్ తిరుగుతోందంటే లోపల వేడి ఇంకా దిగలేదని అర్థం.

కోడే లేని చావు

ప్లగ్గు పెట్టినా ఏ దీపమూ వెలగలేదు. ఇక్కడ కోడు సాయం చేయదు గానీ గాజు ఫ్యూజు చేస్తుంది. లోపలి తీగ మెల్లగా కరిగి తెగినట్టుంటే ఓవర్‌లోడు. గాజు మొత్తం నల్లగా, వెండి పూత పూసినట్టుంటే పూర్తి షార్ట్. రెండోది చూశాక కొత్త ఫ్యూజు వేసి ప్లగ్గు పెట్టడం అంటే ఫ్యూజు దండగ. ఐజీబీటీ మూడు కాళ్ల మధ్య బీప్ మోడ్‌లో కొలవండి, కలెక్టర్, ఎమిటర్ (కరెంటు బయటికి పోయే కాలు) మధ్య రెండు వైపులా మోగితే అది పోయింది. బ్రిడ్జ్ కూడా చూడండి, తరచూ ఇద్దరూ కలిసే పోతారు.

ఇక అసలు తప్పు ఇక్కడ జరుగుతుంది. ఐజీబీటీ, బ్రిడ్జ్, ఫ్యూజు మార్చి నేరుగా సాకెట్‌లో పెడతారు. టప్. మళ్లీ మూడూ పోతాయి. ఐజీబీటీ ఎప్పుడూ తనంతట తాను పోదని అనుకుని పని మొదలుపెట్టడమే క్షేమం. గేటు దగ్గరి 18 వోల్టుల జీనర్ (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే డయోడ్), గేటుకూ ఎమిటర్‌కూ మధ్య రెసిస్టర్, దాన్ని తట్టే రెండు చిన్న ట్రాన్సిస్టర్లు, రెజొనెన్స్ కెపాసిటర్, ఆ పెద్ద రెసిస్టర్లు అన్నీ కొలిచాకే కొత్తది వేయాలి. వేశాక కాయిల్ వైర్లు విప్పేసి, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వాలి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే షార్ట్ లేదు, నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా ఉంది. ఆరిపోయాక 18 ఉందా, 5 ఉందా, గేటు మీద సున్నా ఉందా చూడాలి. స్టవ్వు ఊరికే ఉన్నప్పుడు గేటు మీద అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే డ్రైవర్ (గేటును తట్టే ఆ ట్రాన్సిస్టర్లు) బాగాలేదు, కాయిల్ తగిలించగానే కొత్త ఐజీబీటీ కూడా వెళ్లిపోతుంది. గేటు సున్నా అయితేనే కరెంటు తీసేసి కాయిల్ బిగించాలి.

ఇంత ఎందుకు, యూనివర్సల్ బోర్డు వేస్తే పోలా అనేవాళ్లున్నారు. వేయొచ్చు, కొన్నిసార్లు అదే దారి. ప్రాసెసర్ పోతే దానికి రాసిన ప్రోగ్రామ్ బయట దొరకదు. కానీ ఒక థర్మిస్టర్ పేస్టుకూ, ఒక 330 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కూ, ఒక వదులు సాకెట్‌కూ బోర్డు మార్చడం మాత్రం కోడును పార్టు పేరుగా చదివినందుకు కట్టే జరిమానా. పైగా కొత్త బోర్డుకు పాత కాయిల్ కుదరాలి, పాత సెన్సార్ విలువ కుదరాలి. ఇంకో తమాషా ఉంది. బోర్డు మారిన రోజు నుంచి స్టవ్వు అడుగున అంటించిన కోడ్ల కాగితం అబద్ధమైపోతుంది. అది పాత బోర్డు భాష. మూడేళ్ల తర్వాత దాన్ని నమ్మి ఇంకెవరో తప్పు పార్టు కొంటారు. బోర్డు మార్చినవాళ్లు ఆ కాగితం చింపేసి కొత్త బోర్డుతో వచ్చిన చీటీ అక్కడ అంటించడం కనీస మర్యాద.

తయారీదారుల తప్పు కూడా చెప్పుకోవాలి. ప్రాసెసర్‌కు లోపల ఆ అంకె తెలుసు. వోల్టేజీ 162లా కనిపిస్తోందని, సెన్సార్ ఓపెన్ అని, హీట్ సింక్ 104 డిగ్రీలని దానికి తెలిసే ఆపింది. ఎదురుగా నాలుగంకెల డిస్‌ప్లే ఉంది. కోడు తర్వాత ఆ అంకె కూడా ఒక్కసారి చూపిస్తే ఈ వ్యాసంలో సగం అక్కర్లేదు. అలా కాకుండా ఒక అక్షరం, ఒక అంకె చూపించి, దాని అర్థం పోయే కాగితం మీద రాసి ఇస్తారు.

చివరి పరీక్ష నీళ్లతో. కోడు పోయిందంటే స్టవ్వు బాగైనట్టు కాదు, ఐదు కళ్లలో ఏదీ అరవడం లేదని మాత్రమే. అడుగు చదునుగా ఉన్న గిన్నెలో సరిగ్గా లీటరు నీళ్లు పోసి, మూత పెట్టి, 2000 వాట్ల మీద ఉంచి గడియారం చూడండి. 25 డిగ్రీల నీళ్లను 100కు తేవడానికి 314 కిలోజౌళ్లు కావాలి. గిన్నెకూ గాలికీ పోయేది కలుపుకున్నా మూడు, మూడున్నర నిమిషాల్లో తెర్లాలి. 1000 మీద పెడితే ఆరు, ఏడు నిమిషాలు. అంతకన్నా తక్కువ సెట్టింగుల మీద కాసేపు ఆగి కాసేపు మండుతున్నట్టు నీళ్లు ఉడుకుతాయి, చాలా స్టవ్వులు చిన్న పవర్‌ను అలాగే ఇస్తాయి, అది లోపం కాదు. కానీ 2000 మీద ఆరు నిమిషాలు పట్టి, డిస్‌ప్లే మీద ఏ కోడూ లేకుండా 2000 అనే అంకె హాయిగా వెలుగుతూ ఉంటే, మళ్లీ మీటర్ తీయండి. ముందు లోడు మీద సాకెట్ వోల్టేజీ, తర్వాత గిన్నె మార్చి ఇంకో లీటరు, అదీ కాకపోతే కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఎవరో ఎప్పుడో తిప్పి వదిలేసిన ప్రీసెట్.